వాట్లు కాదు, లీటర్లు అడగండి

కలిదిండి, కైకలూరు, మండవల్లి మండలాల్లో చెరువు చేసే రైతు లెక్క లేకుండా అడుగు వేయడు. నీటి పీహెచ్ ఎంత, ఉప్పదనం ఎంత, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) ఎంతకు దిగుతోంది, ఎకరానికి ఎంత పిల్ల వదిలితే ఎన్ని ఏరేటర్లు తిప్పాలి, అన్నీ నాలుక చివరనే ఉంటాయి. ప్రొటీన్ శాతం చూడకుండా మేత బస్తా దించుకోడు. అదే ఇంటి కుర్రాడు కారు డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించుకునేటప్పుడు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: ఎన్ని వాట్లు? దుకాణదారుకు కావలసిందీ ఆ ప్రశ్నే. వెయ్యి అంటాడు, పన్నెండు వందలు అంటాడు. అది క్షణకాలం తట్టుకునే గరిష్ఠమా, గంటల తరబడి మోయగల ఆర్‌ఎంఎస్సా అన్నది అట్టపెట్టె మీద ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ వూఫర్ కూర్చోబోయే చెక్కపెట్టెలో ఎన్ని లీటర్ల గాలి పడుతుంది, దానికి బిగించిన గొట్టం ఏ హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది అనే ప్రశ్నలు ఎవరి నోటా రావు. నేను చెప్పదలచింది ఇంతే. ఇంట్లో చేసుకున్నా, వడ్రంగి చేత చేయించుకున్నా, గొట్టం ఉన్న పెట్టెను అంకెలతోనే చేయాలి. అంకెలు చెప్పలేని పెట్టెకు డబ్బు ఇవ్వకూడదు. ఇదంతా పాటల పిచ్చి ఉన్నవాళ్ల గొడవ కదా, మనకెందుకు అనుకోవచ్చు. రాత్రి పదకొండింటికి వీధిలో కిటికీ రెక్కలు గిలగిలా కొట్టుకుంటున్నప్పుడు ఆ గొడవ వింటున్నవాడి ఒక్కడిదే కాదు.

పెట్టెకు గొట్టం ఎందుకో ముందు చూద్దాం. సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది. అందులో సగం నీళ్లు పోసి ఊదితే స్వరం సన్నబడుతుంది. లోపలి గాలి స్ప్రింగులా, మూతిలోని గాలి దానికి తగిలించిన బరువులా ఊగుతాయని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు. స్ప్రింగు ఎంత, బరువు ఎంత అన్నదాన్ని బట్టి ఆ సీసాకు ఒక స్వరం స్థిరపడుతుంది. ఘటం విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనించి, తీసి, నాదం మార్చేది కూడా ఈ గాలితోనే. కొల్లేటి వాళ్లకైతే ఇంకో పోలిక దగ్గరగా ఉంటుంది. కొల్లేరు కుండ, ఉప్పుటేరు దాని మెడ. వరద ఎక్కువైతే నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి దిగుతాయి, సరస్సు పలచబడితే పోటునీరు అదే దారిన వెనక్కి ఎగబాకుతుంది. పెట్టెకు పెట్టిన గొట్టం కూడా అలాగే రెండు వైపులా ఊపిరి తీస్తుంది, సెకనుకు ముప్పై పైచిలుకు సార్లు. పోలికను ఇంతకు మించి లాగకూడదు గానీ, కుండ మారకుండా మెడ మారినా, మెడ మారకుండా కుండ మారినా స్వరం మారుతుందన్న ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

వూఫర్ కోన్ ముందుకు తోసినప్పుడు ముందు ఎంత శబ్దం పుడుతుందో వెనకా అంతే పుడుతుంది. మూసేసిన పెట్టెలో ఆ వెనకటి శబ్దం వృథా. దాన్ని గొట్టం గుండా తిప్పి ముందరి శబ్దానికి తోడు చేయవచ్చని అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన ఆల్బర్ట్ తురాస్ 1930లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1932లో అది మంజూరైంది. ఆలోచన బాగానే ఉంది, కొలత కుదరడమే కష్టమైంది. చాలామంది తయారీదారులు చాలాకాలం చెవితో విని, గొట్టం కోసి, మళ్లీ విని సర్దుకుంటూ వచ్చారు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో రాసిన పరిశోధన పత్రం, ఆ తర్వాత 1970ల మొదట్లో సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి రిచర్డ్ స్మాల్ చేసిన పని ఆ తడుములాటకు తెర దించాయి. ఫలానా వూఫర్‌కు ఫలానా పెట్టె అని కాగితం మీదే తేల్చే దారి దొరికింది. ఇవాళ మర్యాదైన ఏ వూఫర్‌తోనైనా ఒక కాగితం వస్తుంది. అందులో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వ్యాస్, ఎక్స్‌మ్యాక్స్ అని నాలుగు అంకెలు ఉంటాయి. వాటిని థీల్–స్మాల్ కొలతలు అంటారు. మన దగ్గర ఆ కాగితం సాధారణంగా అట్టపెట్టెతో పాటే చెత్తలోకి పోతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 12 అంగుళాల వూఫర్‌కు లోపల నికరంగా 55 లీటర్లు కావాలని కాగితం చెప్పిందనుకోండి, గొట్టాన్ని 33 హెర్ట్జ్ దగ్గర పలికించాలని మనం నిర్ణయించుకున్నాం. బేస్ గిటారులో అతి మందమైన తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది కాబట్టి 33 అంటే దానికి ఇంకా కిందే, సినిమా పాటలకు ధారాళంగా సరిపోతుంది. లోపలి వ్యాసం నాలుగు అంగుళాలున్న పీవీసీ గొట్టం వాడితే పొడవు సుమారు 33 సెంటీమీటర్లు రావాలి. డిక్కీలో అడ్డమొస్తోందని అదే గొట్టాన్ని 15 సెంటీమీటర్లకు కోస్తే పెట్టె 44 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. ఇక వడ్రంగి దగ్గర మామూలుగా జరిగే పొరపాటు ఇంకొకటి. లోపలి కొలత 60, 35, 30 సెంటీమీటర్లు ఉంటే 63 లీటర్లు వస్తుంది. అందులోంచి గొట్టం మూడు లీటర్లు, వూఫర్ వెనక అయస్కాంతం మూడు, లోపల వేసే అడ్డుపట్టీలు రెండు తినేస్తే నికరం 55. ఆ కొలతలనే బయటి కొలతలుగా అనుకుని 18 మిల్లీమీటర్ల చెక్క కోస్తే లోపల మిగిలేది 47 లీటర్ల లోపు, ఆ ఎనిమిదీ పోతే 39. చెక్క మందం మరిచినందుకు పదహారు లీటర్లు గల్లంతు, స్వరం 33 నుంచి 39కి జరిగింది. చెరువు గట్టు మందం మరిచి నీటి విస్తీర్ణం లెక్కేసే రైతు ఎవరైనా ఉంటారా?

ఆరు హెర్ట్జ్‌లకే అంత రాద్ధాంతమా అనిపిస్తుంది. గొట్టం పలికే స్వరం దగ్గర కోన్ దాదాపు నిలిచిపోతుంది, శబ్దం చాలావరకు గొట్టమే చేస్తుంది. ఆ స్వరానికి కిందికి దిగితే పట్టు జారుతుంది. కోన్ వెనక గాలి అడ్డు లేనట్టే అయిపోయి, శబ్దం రాకుండానే కోన్ విపరీతంగా ఊగి, కాయిల్ వెనక పలకకు కొట్టుకుంటుంది. మూసిన పెట్టెలో శబ్దం ఆక్టేవుకు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గితే, గొట్టం పెట్టెలో 24 చొప్పున కూలుతుంది. అందుకే అంత కింది స్వరాలను ఆపడానికి యాంప్లిఫయర్ మీద సబ్‌సోనిక్ అనే మర ఉంటుంది. 33కు పలికే పెట్టెకు దాన్ని 28 దగ్గర పెడితే వూఫర్ బతుకుతుంది. 44కు పలికే పెట్టెలో 35 హెర్ట్జ్ పాట పెట్టి, బేస్ రాలేదని వాల్యూమ్ పెంచితే వూఫర్ చస్తుంది. కాలిన వూఫర్‌ను చూసి ‘కంపెనీ సరుకు బాగాలేదు’ అనడం రివాజు. ఇంకా పెద్ద వాట్లది కొనమని సలహా ఇవ్వడం కూడా రివాజే. వాట్లు రెట్టింపు చేస్తే దక్కేది మూడు డెసిబెల్స్ మాత్రమే. మరోవైపు 500 వాట్ల ఆర్‌ఎంఎస్ యాంప్లిఫయర్ నిండుగా పనిచేస్తే కారు కరెంటులోంచి దాదాపు 45 యాంపియర్లు లాగుతుంది. సన్న వైరు వేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టకుండా వదిలేస్తే పోయేది వూఫర్ ఒక్కటే కాదు, కారే అంటుకోవచ్చు.

గొట్టం సన్నంగా ఉంటే ఇంకో తంటా. గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూడాలని డిజైనర్లు ఒక హద్దు పెట్టుకుంటారు. దాటితే గొట్టం బుసకొడుతుంది. నాలుగు అంగుళాల గొట్టం 12 అంగుళాల వూఫర్‌కు ఓ మోస్తరు వాల్యూమ్ వరకే సరి. రెండు గొట్టాలు వేస్తే బుస తగ్గుతుంది కానీ స్వరం నిలవాలంటే ఒక్కొక్కటి 73 సెంటీమీటర్ల పైనే కావాలి. 60 సెంటీమీటర్ల పెట్టెలో అది పట్టదు, ఎల్బో వేసి మలచాలి. మలిచాక అవి తినే లీటర్లు మళ్లీ లెక్కలో కలపాలి. ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది. ఈ పనిలో రుచీ అదే, చిక్కూ అదే. చెక్క సంగతి మాత్రం ఒక్క మాటలో తేలిపోతుంది. ఎండీఎఫ్ నగరాల్లో బాగానే ఉంటుంది గానీ తడి తగిలితే ఉబ్బుతుంది. ఏడాదిలో సగం నేల చెమ్మగా ఉండే కొల్లేటి పక్క, వల తడీ ఐసు తడీ తగిలే డిక్కీలో, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయడమే తెలివి.

దీనికి మొదటి అభ్యంతరం అనుభవం పేరుతో వస్తుంది. ఇరవై ఏళ్లుగా పెట్టెలు కడుతున్న ఫిట్టర్‌కు ఫార్ములా ఎందుకు, చేతికే తెలుసు అంటారు. దాన్ని తీసిపారేయలేం. నూజివీడులో పనస చెక్కతో వీణలు చేసేవారున్నారు. కుండ ఎంత లోతు తొలవాలో, పై పలక ఎంత పలచన చేయాలో, నాదరంధ్రాలు ఎక్కడ పెట్టాలో వాళ్ల చేతులకే తెలుసు, హెల్మ్‌హోల్ట్జ్‌ను ఎవరూ చదవలేదు. అయితే వీణ మారదు. అదే ఆకారం, అవే తీగలు, అదే చెక్క, తరాల తరబడి ఒకే పొరపాటును దిద్దుకునే అవకాశం. కారు పెట్టె అలా కాదు. నిన్న వచ్చిన 12 అంగుళాల వూఫర్‌కు, ఇవాళ వచ్చిన 12 అంగుళాల వూఫర్‌కు అంచు చుట్టుకొలత తప్ప ఏదీ కలవకపోవచ్చు. ఒకదానికి 40 లీటర్లు చాలు, ఇంకోదానికి 70 కావాలి, మూడోది గొట్టానికి అసలు పనికిరాకపోవచ్చు. ఫిట్టర్ అనుభవం డిక్కీని కొలుస్తుంది, స్విఫ్ట్‌కు ఇంత, బొలెరోకు ఇంత అని. వూఫర్‌ను ఎవరు కొలుస్తున్నారు? అతని రంపం పనికి, అతుకు పనికి వంక పెట్టడం లేదు. పెన్సిలుతో ముందు పది నిమిషాల పని కలపమంటున్నాను. విన్‌ఐఎస్‌డీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ నాలుగు అంకెలు కొడితే గీత గీసి చూపిస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఇంటర్ చదివిన పిల్లలు చేయగల లెక్కకు అంత దూరం కూడా పోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ చెప్పిందే వేదమనీ అనను. అందుకే పరీక్ష ఉంది, దానికి ఖర్చు లేదు. గొట్టాన్ని లెక్క కంటే రెండు మూడు అంగుళాలు పొడవుగా బిగించాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి 25 నుంచి 45 హెర్ట్జ్ దాకా మెల్లగా, తక్కువ వాల్యూమ్‌లో జరుపుతూ కోన్‌ను చూడాలి. ఎక్కడ కోన్ ఊపు అన్నిటికన్నా తగ్గి గొట్టం మూతి దగ్గర గాలి బలంగా తగులుతుందో అదే పెట్టె స్వరం. అది 30 దగ్గర ఉంటే కొద్దికొద్దిగా కోసుకుంటూ 33కు తేవచ్చు. పొట్టిది పెట్టి తర్వాత అతికిద్దామంటే కుదరని పని. అతుకుల దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ ఎక్కడ వణుకుతుందో అక్కడ కన్నం ఉన్నట్టు. ఈ రెండు పరీక్షలు చేశాక కూడా ఫిట్టర్ చెయ్యే గెలిస్తే సంతోషమే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంత తలనొప్పి ఎందుకు, గొట్టం లేకుండా మూసేస్తే పోలేదా? నిజమే. మూసిన పెట్టె 25, 30 లీటర్లలో తేలిపోతుంది, ఐదారు లీటర్లు అటూఇటూ అయినా క్షమిస్తుంది, వూఫర్‌ను కాపాడుతుంది, మద్దెల దెబ్బ తెగినట్టు స్పష్టంగా వినిపిస్తుంది. కారు కూడా దానికి సాయం చేస్తుంది. 33 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు పది మీటర్ల పైనే, కారు లోపల చోటు మూడు మీటర్లు. అంత చిన్న చోట మంద్ర ధ్వనికి దానంతటదే బలం చేరుతుంది, మూసిన పెట్టె కింద పోగొట్టుకున్నదాంట్లో చాలా భాగం కారే తిరిగి ఇస్తుంది. కాబట్టి లెక్క వేయనివాడికి గొట్టం వద్దు, వాడికి మూసిన పెట్టే మేలు. గొట్టం పెట్టె లాభం మాత్రం వేరు. అదే వూఫర్, అదే యాంప్లిఫయర్‌తో ముప్పై, నలభై హెర్ట్జ్‌ల మధ్య కొన్ని డెసిబెల్స్ ఎక్కువ వస్తాయి, కోన్ తక్కువ కదులుతుంది. ఆ లాభాన్ని మరో వెయ్యి వాట్లతో కొనుక్కునే బదులు పది నిమిషాల లెక్కతో సంపాదించుకోవచ్చు. మన మధ్యతరగతి జేబుకు ఏది సరిపోతుందో చెప్పనక్కర్లేదు.

అసలు ప్రశ్న ఊరివాళ్లది. బేస్ పెంచుకునే ఉపాయం పత్రికలో రాయడమేమిటి, ఉన్న మోత చాలదా అని వాళ్లు అడగవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాల్సి వచ్చింది. ఊళ్లలోనూ ఆ విసుగు తక్కువేమీ కాదు. నా జవాబు ఏమిటంటే, వీధిని అదరగొట్టే పెట్టెల్లో ఎక్కువ భాగం తప్పు కొలతవి. పొట్టి గొట్టం, ఇరుకు పెట్టె కలిస్తే యాభై హెర్ట్జ్ చుట్టూ ఒకే గూని లేస్తుంది. ఏ పాట పెట్టినా అదే ‘దుబ్బు’. పాటలో ఉన్న కింది స్వరం దొరక్క కుర్రాడు మర తిప్పుతాడు, దొరికేది మళ్లీ ఆ దుబ్బే, ఇంకాస్త తిప్పుతాడు. మనిషి చెవి కూడా ఇందులో భాగస్వామి. 31.5 హెర్ట్జ్ ధ్వని వినిపించడం మొదలవ్వడానికే సుమారు 60 డెసిబెల్స్ కావాలి, వెయ్యి హెర్ట్జ్‌కు రెండు మూడు చాలు. కింది స్వరం నిజంగా పలికే పెట్టె ఉంటే మామూలు వాల్యూమ్‌లోనే అది అందుతుంది, మర తిప్పే కారణం ఒకటి తగ్గుతుంది. కారణం తగ్గినా కుర్రతనం తగ్గకపోవచ్చు, అది వేరే సంగతి.

బయటివాడికి వినిపించేది మాత్రం పాట కాదు. కారు రేకు, అద్దాలు సన్న స్వరాలను ఆపుతాయి, మంద్ర స్వరాలను వదిలేస్తాయి. లోపలివాడు పాట వింటాడు, గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ వినేది గుండె మీద గుద్దినట్టుండే దడదడ. నీళ్ల మీద, చల్లటి రాత్రి, శబ్దం పైకి పోకుండా వంగి దూరం సాగుతుంది. చెరువు గట్టు మీద ఆపిన కారు మోత అవతలి గట్టు మీద పడుకున్న కాపలాదారుకు చేరుతుంది. ఆటపాక దగ్గర గూళ్లు కట్టుకున్న గూడబాతులకు పాట మీద అభిరుచి ఉంటుందని ఎవరూ అనరు.

చట్టం ఉంది కదా అంటే, ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ డెసిబెల్ వెనక ‘ఏ’ అనే అక్షరం ఉంటుంది, చిక్కంతా ఆ అక్షరంలో ఉంది. మెల్లని శబ్దాలను మన చెవి వినే తీరును అనుకరిస్తూ మీటరు మంద్ర ధ్వనులను తగ్గించి లెక్కిస్తుంది. 31.5 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 39 డెసిబెల్స్. అంటే వీధిలో 94 డెసిబెల్స్ మోగే ఆ ధ్వనిని మీటరు 55 లోపే చూపిస్తుంది, పగటి హద్దు దాటనట్టే. అలమరలో గిన్నెలు మోగుతున్నా మీటరుకు పట్టదు. కాబట్టి ఈ విషయంలో పోలీసు మీటరు మీద భారం వేసి కూర్చోలేం. మంద్ర ధ్వనులను అంతగా తగ్గించని ‘సీ’ పద్ధతిలో కూడా కొలత తీయాలని నియమాలు మార్చడం న్యాయం. అప్పటిదాకా పెట్టె చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు తమ అంకెలు తాము తెలుసుకుని ఉండాలి. ఎంత మంచి పెట్టెకైనా రాత్రి పది తర్వాత ఊళ్లో పనిలేదన్నది ఏ లెక్కా మార్చదు.

నేను కోరేది చిన్నది. ఏలూరులో కట్టినా, కైకలూరులో కట్టినా, ప్రతి పెట్టె వెనక మార్కరుతో మూడు అంకెలు రాయాలి: లోపల నికరంగా ఎన్ని లీటర్లు, గొట్టం ఏ హెర్ట్జ్‌కు పలుకుతోంది, సబ్‌సోనిక్ మర ఎక్కడ పెట్టాలి. బియ్యం బస్తా మీద బరువు రాసినట్టు, మేత బస్తా మీద ప్రొటీన్ రాసినట్టు. వూఫర్ మార్చినప్పుడు పెట్టె పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి, సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకోవడానికి కూడా ఆ రాతే ఆధారం. రాసి ఇచ్చే దుకాణం వంద రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు. వాట్లు అడిగితే దుకాణదారు గోడ మీది అట్టపెట్టె చూపిస్తాడు. లీటర్లు అడిగితే టేపు పట్టుకుని డిక్కీ దగ్గరికి రావాల్సిందే.